అమ్మానాన్నలకు తిరిగి రావడం, అమ్మాయికి వలస

పదహారేళ్ల అమ్మాయి, పదకొండో తరగతి. రెండు నెలలుగా పొద్దున లేస్తే తలనొప్పి. వారంలో సగం రోజులు బడికి వెళ్లడం లేదు. రాత్రి మూడింటి దాకా నిద్రపోదు. ఇంట్లో ఎవరితోనూ కలిసి కూర్చుని తినదు. పిల్లల డాక్టరు కళ్లు, రక్తం, థైరాయిడ్ అన్నీ చూపించి, శరీరంలో కారణమేదీ కనబడకపోవడంతో కౌన్సెలర్‌నైన నా దగ్గరికి పంపారు. తల్లిదండ్రులు మాత్రం కారణం ముందే తేల్చుకుని వచ్చారు. "ఫోన్ మాన్పించండి మేడమ్, మిగతావన్నీ అవే సర్దుకుంటాయి" అన్నారు తండ్రి.

ఆ అమ్మాయిని ఇక్కడ అమ్ములు అంటాను. అసలు పేరు కాదు. గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను. రాసినదంతా ఆ అమ్మాయి, తల్లిదండ్రులు చదివి సరేనన్నాకే బయటపెడుతున్నాను. విశాఖలో ఇలాంటి పిల్లలు ఇప్పుడు తరచుగా వస్తున్నారు. వాళ్లను చూసే టీచర్లకు, డాక్టర్లకు, ముఖ్యంగా సామాన్లు సర్దుకుని వెనక్కి రాబోతున్న కుటుంబాలకు ఇందులో పనికొచ్చేది ఉందని నమ్మి రాస్తున్నాను.

ఇంటి సంగతి

తండ్రి పుట్టి పెరిగింది కంచరపాలెంలో. ఇంజినీరింగ్ అయ్యాక హెచ్-1బీ వీసా మీద అమెరికా వెళ్లి, టెక్సాస్‌లో డాలస్ శివారులో స్థిరపడ్డారు. గ్రీన్ కార్డుకు దరఖాస్తు పెట్టి ఏళ్లు గడిచినా వంతు రాలేదు. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్ కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతం దాటకూడదన్న పరిమితి ఉండటంతో మన దేశం వాళ్ల వరుస కదలనే కదలదు. పిల్లలిద్దరూ అక్కడే పుట్టారు కాబట్టి పుట్టుకతోనే అమెరికా పౌరులు. అమ్మానాన్నలవి భారత పాస్‌పోర్టులు. ఒకే ఇంట్లో ఇద్దరు ఒక దేశం వాళ్లు, ఇద్దరు ఇంకో దేశం వాళ్లు.

అమ్ములు పదో గ్రేడు పూర్తి చేస్తున్న ఏడాది తండ్రి ఉద్యోగం పోయింది. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే 60 రోజుల గడువు ఉంటుంది. ఆలోపు ఇంకో కంపెనీ స్పాన్సర్ చేయాలి, లేదా వీసా మార్చుకోవాలి, లేదా దేశం వదలాలి. ఇంకో ఉద్యోగం దొరకలేదు. మే నెలాఖరుకు అందరూ విశాఖ వచ్చేశారు. మధురవాడలో అద్దె ఇల్లు. ఒంటరిగా ఉంటున్న నానమ్మను కూడా ఆ ఇంటికే తెచ్చుకున్నారు. తండ్రికి రుషికొండలో ఒక ఐటీ కంపెనీలో పని దొరికింది. క్లయింట్లు అమెరికా వాళ్లే కావడంతో షిఫ్టు రాత్రి రెండింటి దాకా నడుస్తుంది. తల్లి అక్కడ డే కేర్‌లో పనిచేసేది. ఇక్కడ పూర్తిగా ఇంటికే పరిమితమైంది. తొమ్మిదేళ్ల తమ్ముడు రెండో వారానికే అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో క్రికెట్ ఆడుతున్నాడు. "తమ్ముణ్ని చూసి నేర్చుకో" అన్న మాట ఆ ఇంట్లో రోజూ వినబడేది.

రాత్రి రెండున్నర

మొదటి రోజు అమ్ములు నాతో దాదాపు ఏమీ మాట్లాడలేదు. తెలుగు బాగానే వచ్చు, చదవడం మాత్రం రాదు. కౌమార వయసు వాళ్లకు వాడే పీహెచ్‌క్యూ-ఏ ప్రశ్నావళి నింపించాను. కుంగుబాటు మధ్యస్థంగా ఉన్నట్టు తేలింది. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనల గురించి చుట్టుతిరుగుడు లేకుండా సూటిగా అడిగాను. అలాంటిదేమీ లేదంది. అలా అడిగితే పిల్లల బుర్రలో లేని ఆలోచన పెట్టినట్టవుతుందని తల్లిదండ్రులు భయపడతారు. అలా జరగదు. అడిగే మనిషి ఒకరున్నారని పిల్లలకు తెలుస్తుంది, అంతే. ఏ వేళలోనైనా ఫోన్ చేసుకోవచ్చని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఇంట్లో అందరికీ ఇచ్చాను.

నిద్ర దగ్గరే అసలు తాళం చిక్కింది. వేసవిలో డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక ఉంటుంది. అక్కడ బడి వదిలి స్నేహితులు ఫోన్ పట్టుకునే సాయంత్రం నాలుగు గంటలకు మనకు రాత్రి రెండున్నర. ఆరో గ్రేడు నుంచీ అమ్ములు బ్యాండ్‌లో క్లారినెట్ వాయించేది. టెక్సాస్ బడుల్లో మార్చింగ్ బ్యాండ్ అంటే మామూలు విషయం కాదు. ఆగస్టు ఎండలో రోజూ సాధన, శుక్రవారం రాత్రి ఫుట్‌బాల్ మ్యాచ్‌లో ప్రదర్శన, ఊరంతా అక్కడే. ఆ ఏడాది కొత్త యూనిఫామ్‌లో తన సెక్షన్ వాళ్లు, అంటే తనతో పాటు క్లారినెట్ వాయించినవాళ్లు, దిగిన ఫొటోలు చూస్తూ అమ్ములు తెల్లవార్లూ మేలుకునేది. అది ఫోన్ పిచ్చి కాదు. తన వాళ్లు మెలకువగా ఉన్న వేళకు తనూ మెలకువగా ఉంటోంది.

ఆ తర్వాతి సారి ఒక మాట అంది: "నాన్న అమెరికా టైమ్‌లో పని చేయొచ్చు. నేను అమెరికా టైమ్‌లో మాట్లాడకూడదా?"

ఫోన్ లాక్కోవద్దని తల్లిదండ్రులకు గట్టిగా చెప్పాను. వేళ మార్చాం. మనకు శనివారం పొద్దున ఎనిమిదిన్నర అంటే అక్కడ శుక్రవారం రాత్రి పది. మ్యాచ్ అయిపోయి పిల్లలు ఇళ్లకు చేరే సమయం. ఆ గంట అమ్ములుది. ఎవరూ తలుపు తట్టకూడదు, ట్యూషన్ పెట్టకూడదు. ఆదివారం పొద్దున ఇంకో గంట. మిగతా రోజుల్లో పొద్దున్నే ఎండ కళ్లకు తగలాలి కాబట్టి, బండ్లు ఆపి నడిచేవాళ్లకు వదిలేసే వేళకు తల్లీ కూతురూ బీచ్ రోడ్డుకు వెళ్లడం మొదలుపెట్టారు. నిద్ర కాస్త దారిలో పడింది. నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు గంట వెనక్కి తిప్పగానే తేడా పదకొండున్నర గంటలైంది, శనివారం కాల్ మళ్లీ కుదరకుండా పోయింది. ఆ వారమంతా తలనొప్పి. ఇలాంటి పిల్లల్ని చూసేవాళ్లు ఆ తేదీని ముందే గుర్తుపెట్టుకుని, కొత్త వేళ ఖాయం చేసి ఉంచాలి.

ఎవరూ ఒప్పుకోని నష్టం

రెండు దేశాల మధ్య పెరిగే పిల్లల గురించి చదివినవాళ్లకు థర్డ్ కల్చర్ కిడ్స్ అన్న పేరు తెలిసే ఉంటుంది. రూత్ హిల్ యూసీమ్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త 1950లలో మన దేశంలో ఉంటున్న అమెరికా కుటుంబాలను గమనిస్తూ తెచ్చిన పేరు అది. వాళ్లు ఉద్యోగం మీద వచ్చి, ఎప్పటికైనా సొంత దేశానికి వెళ్లిపోయేవాళ్లు. అమ్ములు లాంటి పిల్లల సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. ఇక్కడికి రావడాన్నే ఇంట్లో అందరూ సొంత దేశానికి రావడం అంటారు. తండ్రి తిరిగొచ్చాడు, తల్లి తిరిగొచ్చింది. అమ్ములు తిరిగి రాలేదు, పుట్టిన ఊరు వదిలి కొత్త దేశానికి వచ్చింది. సెలవుల్లో రెండు మూడు సార్లు చూసిన విశాఖ, సింహాచలం కొండ, కైలాసగిరి, కురుసుర సబ్‌మెరైన్, బీచ్‌లో మురీ మిక్చర్, ఇవన్నీ చుట్టపు చూపుగా తెలిసినవి. ఇక్కడ బతకడం వేరు.

వలస వెళ్లిన మనిషి ఏడిస్తే లోకం అర్థం చేసుకుంటుంది. ఇంటికొచ్చిన మనిషి ఏడిస్తే "అదేంటమ్మా, మన ఊరే కదా" అంటుంది. పైకి చెప్పుకునే వీలు లేని, చుట్టూ ఉన్నవాళ్లు దుఃఖమని ఒప్పుకోని దుఃఖం గురించి కెన్నెత్ డోకా అనే పరిశోధకుడు 1980లలో రాశారు. ఆయన మొదట ఆలోచించింది చావుల గురించే అయినా, ఈ పిల్లలకు ఆ ఆలోచన అతికినట్టు సరిపోతుంది. అమ్ములు పోగొట్టుకున్న వాటి జాబితాలో సెక్షన్ లీడర్ పదవి ఉంది, తన గది ఉంది, పదకొండేళ్ల స్నేహం ఉంది, వచ్చే ఏడాది నేర్చుకోవాల్సిన డ్రైవింగ్ ఉంది. ఇంట్లో ఎవరూ వాటిని నష్టంగా లెక్కపెట్టలేదు.

అందుకే "నువ్వు ఎవరు, నీది ఏ దేశం" అన్న వైపు నేను వెళ్లలేదు. పోయినవాటి గురించి చెప్పుకోనివ్వకుండా అస్తిత్వం గురించి మాట్లాడిస్తే పిల్లలు మనకు నచ్చే జవాబు తయారు చేసి ఇస్తారు. ఒక నోట్‌బుక్ ఇచ్చి, అక్కడి ఒక మామూలు మంగళవారాన్ని, ఇక్కడి ఒక మామూలు మంగళవారాన్ని పొద్దుట్నుంచి రాత్రి దాకా రాయమన్నాను. పండగలూ పుట్టినరోజులూ వద్దు, మామూలు రోజే. ఇంగ్లిష్‌లో రాసింది. కొన్ని వాక్యాలు నా తెలుగులో:

"అక్కడ రోల్ కాల్‌లో టీచర్ ఆగారంటే నా పేరే అని తెలిసిపోయేది. ఇక్కడ నా పేరు అందరికీ పలకడం వచ్చు. కానీ క్లాసులో నన్ను పేరుతో పిలవరు, అమెరికా అంటారు."

"అక్కడ నేను ఇండియన్ అమ్మాయిని. ఇక్కడ అమెరికా అమ్మాయిని. విమానంలో ఉన్నంతసేపే నన్ను ఎవరూ ఏమీ అనలేదు."

"టెక్సాస్‌లో ఉగాది ఎప్పుడూ శనివారమో ఆదివారమో వచ్చేది. ఇక్కడ వినాయక చవితి వినాయక చవితి రోజే వచ్చింది. వీధంతా ఒకేసారి చేసుకున్నారు. నాకు చాలా నచ్చింది. కానీ ఎవరికీ చెప్పను. చెప్తే ‘చూశావా, మేం చెప్పలేదా’ అంటారు."

ఆ చివరి వాక్యాల దగ్గర నేను చాలాసేపు ఆగాను. ఈ పిల్లకు ఇక్కడ నచ్చినవి ఉన్నాయి. నచ్చిందంటే అక్కడిది వదులుకున్నట్టు లెక్క కట్టేస్తారని నోరు మూసుకుంది. పెళ్లిళ్లలో, పేరంటాల్లో చుట్టాలు సరదాగా అడిగే ప్రశ్న ఒకటుంది: "ఇండియా బాగుందా, అమెరికా బాగుందా?" అడిగినవాళ్లకు కాలక్షేపం, అమ్ములుకు కోర్టు బోను. ఈ ప్రశ్న ఇంట్లో ఎవరూ అడగకూడదని, చుట్టాలు అడిగితే తల్లే మాట మార్చాలని చెప్పాను. దానికి బదులు స్నేహితుల పేర్లు తెలుసుకుని "ఫలానా అమ్మాయి ఎలా ఉంది" అని అడగమన్నాను. చిన్న మార్పే, ఫలితం మాత్రం త్వరగానే కనిపించింది. తల్లి అడిగిన మొదటి వారంలోనే అమ్ములు ఫొటోలు చూపించింది. అవి చూస్తూ తల్లికీ ఏడుపొచ్చింది. డే కేర్‌లో తను పెంచిన పిల్లల గురించి ఆమె కూడా ఎవరితోనూ అనుకోలేదు.

బడి విషయం క్లుప్తంగా చెప్తాను. క్లాస్ టీచర్‌తో ఒకసారి మాట్లాడాను. ‘అమెరికా’ అన్న పిలుపు ఆపించారు, ఇంగ్లిష్ పాఠం చదవాల్సి వచ్చినప్పుడల్లా ఆమెనే లేపడం మానేశారు. చాలావరకు అది చాలింది.

"నానమ్మ కోసం వచ్చాం"

అర్థం కానిది ఒకటి మిగిలింది. అమ్ములు నానమ్మ ఉన్న గదిలోకే వెళ్లదు, ఆవిడ వండింది తినదు. చిన్నప్పుడు వీడియో కాల్‌లో గంటలు గంటలు కబుర్లు చెప్పిన పిల్ల. ఎందుకని అడిగితే భుజాలు ఎగరేసేది.

తండ్రితో విడిగా కూర్చున్నప్పుడు సంగతి బయటపడింది. ఉద్యోగం పోయిందని ఆయన పిల్లలకు చెప్పలేదు. "నానమ్మ పెద్దదైపోయింది, ఆవిడ కోసం వెళ్తున్నాం" అని చెప్పారు. పిల్లలకు టెన్షన్ పెట్టకూడదన్నదే ఆయన ఉద్దేశం. పరువు కూడా అందులో కలిసి ఉందని తనే ఒప్పుకున్నారు. కాని ఆ మాటతో నేరం మొత్తం ఏమీ తెలియని ముసలావిడ నెత్తిన పడింది.

కుటుంబమంతా కూర్చున్న రోజు ఆయన నిజం చెప్పారు. "నా ఉద్యోగం పోయింది నాన్నా. అరవై రోజుల్లో ఇంకోటి సంపాదించలేకపోయాను. నానమ్మ రమ్మనలేదు."

"నాకు తెలుసు. గరాజ్‌లో నువ్వు ఫోన్‌లో మాట్లాడుతుంటే విన్నాను" అంది అమ్ములు. "నువ్వు చెప్తావేమోనని చూశాను."

తెలిసి కూడా నానమ్మ మీద కోపం ఎందుకు? నేను అడగలేదు. ఆ అమ్మాయే కాసేపటికి చెప్పింది, నాన్న మీద కోపగించుకుంటే నాన్న ఇంకా కుంగిపోతాడని భయమేసిందట. పిల్లలు ఇలాగే చేస్తారు. కోపాన్ని తట్టుకోలేని మనిషి మీద కాకుండా, తట్టుకోగల మనిషి మీద పెడతారు. ఈ కేసులో పని మలుపు తిరిగింది ఆ రోజే అని నా అభిప్రాయం. ఆ తర్వాత చేసినవన్నీ దాని మీద నిలబడ్డవే.

బర్మా క్యాంపు

నానమ్మ కూడా ఆ రోజు అక్కడే ఉంది. అందరూ లేచాక ఆవిడ కదలలేదు. "ఏటమ్మా, నన్నెవరూ అడగరు గానీ, నానూ వలసొచ్చినదాన్నే" అంది.

ఉత్తరాంధ్ర నుంచి, గోదావరి జిల్లాల నుంచి తెలుగువాళ్లు బర్మా (ఇప్పటి మయన్మార్)లోని రంగూన్ వెళ్లి ఓడరేవులో, బియ్యం మిల్లుల్లో పనిచేసిన చరిత్ర పెద్దది. భీమిలి, విశాఖ, కాకినాడ రేవుల నుంచి ఓడలెక్కేవాళ్లు. 1942లో జపాన్ దాడికి ఎంతోమంది కాలినడకన పారిపోయి వచ్చారు. ఉండిపోయినవాళ్లను, మళ్లీ వెళ్లినవాళ్లను 1962లో నే విన్ సైనిక ప్రభుత్వం వచ్చాక, 1964లో దుకాణాలను జాతీయం చేశాక, దాదాపు కట్టుబట్టలతో పంపేశారు. అలా వచ్చినవాళ్లు స్థిరపడిన చోటుకే కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అని పేరొచ్చింది. నానమ్మ రంగూన్‌లో పుట్టింది. బర్మా బడిలో చదువుకుంది. పదేళ్ల పిల్లగా ఓడ దిగింది. ఇక్కడి బడిలో ఆవిణ్ని ‘బర్మా పిల్ల’ అని పిలిచేవారట.

"మా అయ్య అక్కడి మాట ఎత్తనిచ్చేవోడు కాదు. ఎత్తితే ఏడుపొస్తదని. నాను బర్మా మాట మర్చిపోయేదాకా ఎవరితోనూ మాట్లాడనేదు" అంది. కొడుకు కూడా ఆ కథ పూర్తిగా వినడం అదే మొదటిసారి.

ఇలాంటి చోట కౌన్సెలర్‌కు తొందర పుడుతుంది. నానమ్మ కథ, మనవరాలి కథ ఒకటేనని చెప్పేసి చేతులు దులుపుకోవాలనిపిస్తుంది. అమ్ములు మొదట ఊరట పడలేదు, విసుక్కుంది. ఆ వారం నోట్‌బుక్‌లో ఇలా రాసింది: "నానమ్మకు వెనక్కి వెళ్లే దారి లేదు. నాకు ఉంది. నా పాస్‌పోర్ట్ డ్రాయర్‌లో ఉంది. రేపు పద్దెనిమిది వస్తే వెళ్లొచ్చు. కానీ అమ్మానాన్న రాలేరు. అందుకే నాది ఇంకా కష్టం."

ఆ మాట నిజం. పోయింది పూర్తిగా పోలేదు, ఉన్నది పూర్తిగా లేదు. ఇలాంటి తెగని నష్టం మీద పౌలిన్ బాస్ అనే కుటుంబ చికిత్సకురాలు 1970ల నుంచి పనిచేశారు. తలుపు మూసుకుపోయిన దుఃఖానికి ఎప్పుడో ఒకప్పుడు ముగింపు దొరుకుతుంది, సగం తెరిచి ఉన్న తలుపు ముందు మనిషి నిలబడిపోతాడు. కాబట్టి ‘అమెరికాను మర్చిపో’ అన్నది ఈ పిల్లలకు వైద్యం కాదు. రెండు చోట్లా కొంత కొంత ఉంటూ, ఆ కొంతతో రోజు గడపడం నేర్చుకోవాలి.

నానమ్మతో స్నేహం మాటలతో మొదలు కాలేదు, వంటతో మొదలైంది. ఆవిడ కొబ్బరిపాలతో ఖావ్‌స్వే చేసింది. బర్మా నూడుల్స్ వంటకం, పుట్టింట్లో నేర్చుకున్నది. ఆ ఇంట్లో అమ్ములు మళ్లీ అందరితో కూర్చుని తిన్నది ఆ పూటే. తర్వాత ఆవిడ చెప్తుంటే ఫోన్‌లో రికార్డు చేయడం మొదలుపెట్టింది: చెంపలకు ‘తనకా’ అనే చెట్టు బెరడు పూత రాసుకోవడం, ఓడలో రాత్రులు, క్యాంపులో నీళ్ల వరుస. ఇది నేను ఇచ్చిన పని కాదు.

కాగితాలు

ఈ పిల్లల టెన్షన్‌లో ఒక భాగం మనసుది కాదు, కాగితాలది. దాన్ని మాటలతో నయం చేయాలనుకోవడం తప్పు. ఒక బంధువు "నీకు ఇక్కడ సీటు రాదు, ఎన్నారై కోటా ఒక్కటే" అన్నప్పటి నుంచి అమ్ములుకు చదువు మీద ఆశే పోయింది. మన రాజ్యాంగం ద్వంద్వ పౌరసత్వం ఇవ్వదు. విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతి వాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు ఉంటే ఇక్కడ ఎంతకాలమైనా ఉండవచ్చు, చదవవచ్చు, కాని ఓటు లేదు, వ్యవసాయ భూమి కొనకూడదు. 2021 మార్చి 4న వచ్చిన నోటిఫికేషన్ నీట్, జేఈఈ లాంటి పరీక్షల్లో ఓసీఐ విద్యార్థులను ఎన్నారై సీట్లకే పరిమితం చేసింది. అయితే ఆ తేదీకి ముందే కార్డు తీసుకున్నవాళ్లకు పాత హక్కులు ఉంటాయని 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అమ్ములు కార్డు చిన్నప్పుడే తీసింది. లాయరుకు చూపించి రమ్మన్నాను. ఆ వారం తలనొప్పి రాలేదు.

అటువైపు లెక్క కూడా రాయించాం. అమెరికా పౌరురాలిగా అక్కడి ఫెడరల్ విద్యా సహాయానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. కాని కుటుంబం టెక్సాస్ వదిలేసింది కాబట్టి అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో స్థానికుల ఫీజు దొరుకుతుందని నమ్ముకోలేం. ఆ సంగతి విని అమ్ములు బాధపడింది. అయినా తెలియడమే మంచిదంది.

ఇప్పటి పరిస్థితి

అమ్ములు ఇప్పుడు పన్నెండో తరగతి. బడికి వెళ్తోంది. పీహెచ్‌క్యూ-ఏ స్కోరు స్వల్ప స్థాయికి దిగింది. మందుల అవసరం పడలేదు. మార్గశిరంలో అనకాపల్లిలో బంధువుల పెళ్లికి వెళ్తే ఊరేగింపు బ్యాండ్‌మేళంలో ఒక పెద్దాయన క్లారినెట్ వాయిస్తూ కనిపించాడట. ఆగి, క్లారినెట్ ఊదే చోట పెట్టే రీడ్లు ఎక్కడ దొరుకుతాయని అడిగింది. ఇప్పుడు ఆదివారాలు ఆయన ఇంటికొచ్చి నేర్పుతున్నారు. మార్చింగ్ బ్యాండ్ లోటు దీంతో తీరలేదని తనే చెప్తుంది. పెట్టెలోంచి క్లారినెట్ మాత్రం బయటికొచ్చింది.

తండ్రి ఇక్కడే ఇంజినీరింగ్ చేయమంటున్నారు, తల్లి వెళ్లనిద్దామంటోంది, అమ్ములు రెండింటికీ దరఖాస్తులు రాస్తోంది. ఫలితాలు వచ్చాక ముగ్గురితో మళ్లీ కూర్చోవాలి.

నాకు ఇప్పుడు ఎక్కువ ఆలోచనగా ఉన్నది తమ్ముడి గురించి. ఎవరికీ ఇబ్బంది పెట్టకుండా ఇట్టే కలిసిపోయాడని అందరూ మెచ్చుకున్నారు కాబట్టి వాణ్ని ఎవరూ ఏమీ అడగలేదు. ఈమధ్య టీవీలో డాలస్ ఇంటి వీడియోలు పెడితే లేచి వెళ్లిపోతున్నాడని, పాత స్నేహితుడు ఫోన్ చేస్తే తీయడం లేదని తల్లి చెప్పింది. వచ్చే నెల వాణ్ని విడిగా తీసుకురమ్మన్నాను. వాడికి కూడా నోట్‌బుక్ ఇస్తాను. రాయడం ఇష్టం లేకపోతే బొమ్మలు వేయమంటాను.